స్పోకేన్ చుట్టుపక్కల: నాన్న శనగ చేను గుర్తుపట్టిన రోజు

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ ఊరు వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నా. సరస్సు ఒడ్డున ఒక రాత్రి ఉందామని ఆశపడి మాలాగా డబ్బు పోగొట్టుకోకండి. కోర్ డలేన్ సరస్సు అందంగానే ఉంది, కాదనను. కానీ స్పోకేన్ నుంచి కారులో అరగంటే, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. మేము అక్కడే ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. బుక్ చేసినప్పుడు 149 డాలర్లు. తీరా వెళ్లాక పార్కింగ్‌కు 20, సదుపాయాల ఫీజని మరో 25, పన్నులు వేరే. ఏం సదుపాయాలని అడిగితే స్విమ్మింగ్ పూల్ అన్నారు. చూస్తే దానికి తాళం! గదిలో ఫ్రిజ్ చల్లబడలేదు. అమ్మ డబ్బాలో తెచ్చుకున్న పెరుగు తెల్లారేసరికి పులిసి నురగ కట్టింది. ఆ పూటంతా అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. మూడుసార్లు అడిగినా ఆ 25 తిరిగివ్వలేదు.

మర్నాడు పాలూస్ అనే గుట్టల పొలాల ప్రాంతం వైపు వెళ్లాం. అక్కడ స్టెప్టో బ్యూట్ అనే కొండ ఎత్తు 3,612 అడుగులు. కొండ చుట్టూ తిరుగుతూ రోడ్డు పైదాకా వెళ్తుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు టెన్షన్ లేదు. కారుకు రోజు పాస్ 10 డాలర్లు. పైనుంచి చూస్తే ఎటు చూసినా చేలే, సముద్రం అలల్లా.

దిగి వస్తుంటే నాన్న ఉన్నట్టుండి కారాపమన్నాడు. రోడ్డు వారన ఉన్న మొక్క దగ్గర వంగి, ఆకు మీద వేలు రాసి నాలుకకు తాకించుకున్నాడు. "ఒరేయ్, ఇది మన శనగేరా! పులుపు కూడా అదే." ఒంగోలు పక్కన నల్లరేగడిలో ముప్పయ్యేళ్లు శనగ వేసిన మనిషి. అక్కడ కార్తీకంలో విత్తుతాం, ఇక్కడ వసంతంలో విత్తుతారు. రెండుచోట్లా నేల దాచుకున్న తేమతోనే పంట. ఈ గుట్టలన్నీ మంచుయుగంలో గాలి తెచ్చిపోసిన మట్టేనని చెబితే, పిడికెడు తీసి నలిపి "మెత్తగా పిండిలా ఉంది" అన్నాడు. అమెరికా వచ్చిన రెండు నెలల్లో నాన్న అంత మాట్లాడింది ఆ రోజే. అమ్మ కూడా కాయలు వలిచి చూసి, పెరుగు సంగతి మర్చిపోయింది.

పాలూస్ జలపాతం 198 అడుగులు. దూరమే అయినా చూసి తీరాలి. నీడ తక్కువ, నీళ్లు, మజ్జిగ తీసుకెళ్లండి.

ఇక్కడ శనగ కోతలు ఆగస్టు, సెప్టెంబరుల్లోనట. నాన్న తిరుగు టికెట్ జూలై 28కి ఉంది. తేదీ మారిస్తే ఎంతవుతుందో కనుక్కోమంటున్నాడు.