అతిధ్వని మైక్రోఫోన్ బాగుంది, దాని లెక్కే నమ్మదగ్గది కాదు

తల్లికీ గూటికీ దూరమైన వారం రోజుల ఎలుక పిల్ల గట్టిగానే అరుస్తుంది; అయితే ఆ అరుపు సుమారు 40 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది కనుక, 20 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వని వినలేని మన చెవికి అందదు. ఆందోళన తగ్గించే మందులను పరీక్షించేవారు దశాబ్దాలుగా లెక్కపెడుతున్నది ఈ అరుపులనే. డయాజెపామ్ ఇస్తే అవి తగ్గుతాయి, ఆందోళన కలిగించే పెంటిలీన్‌టెట్రజోల్ ఇస్తే పెరుగుతాయి. ఈ పనికోసం మేము కొన్న అతిధ్వని మైక్రోఫోన్ గురించీ, దానితోపాటు వచ్చిన లెక్కింపు సాఫ్ట్‌వేర్ గురించీ ఈ సమీక్ష.

మైక్రోఫోన్‌కు వంక పెట్టలేను. సెకనుకు 2,50,000 నమూనాలు తీసుకుంటుంది కాబట్టి సిద్ధాంతరీత్యా 125 కిలోహెర్ట్జ్ దాకా ధ్వని నమోదవుతుంది. ఇంకా పై స్థాయిలో అరిచే చిట్టెలుక పిల్లలకూ అది చాలు. ఇదివరకు మేము వాడిన, గబ్బిలాల అరుపులు వినడానికి చేసిన డిటెక్టర్ అరుపును మన చెవికి వినబడే స్థాయికి దించేదే గాని, దాని ఆకృతిని మిగిల్చేది కాదు. ఇప్పుడు ప్రతి అరుపు వంపూ స్పెక్ట్రోగ్రామ్‌లో, అంటే ధ్వని స్థాయి కాలంతోపాటు ఎలా మారిందో చూపే చిత్రంలో, కనిపిస్తుంది.

చిక్కంతా సాఫ్ట్‌వేర్‌తోనే. తయారీదారు ఇచ్చిన అమరికలతో నడిపితే, పిల్ల గోళ్లు దాన్ని ఉంచిన పాత్రను గీరిన చప్పుడును కూడా అది అరుపుగానే లెక్కిస్తోంది. ఈ పొరపాటు మందు ఇచ్చిన పిల్లలలోనూ ఇవ్వని పిల్లలలోనూ ఒకే మేరకు జరిగితే పెద్ద నష్టం ఉండేది కాదు. కాని డయాజెపామ్ మగత కలిగిస్తుంది, మగతలో ఉన్న పిల్ల కదలదు, కదలకపోతే గీరుడూ ఉండదు, అందువల్ల మందు ప్రభావం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. నిష్పక్షపాతంగా ఉండవలసిన పరికరం మందు తరఫున సాక్ష్యం చెబుతోందన్నమాట. అరుపు సన్నని గీతలా, గీరుడు పైనుంచి కిందిదాకా పరచుకున్న మరకలా కనిపిస్తాయి కనుక కంటితో వేరుచేయడం కష్టం కాదు, విసుగు మాత్రమే.

మరొక లోటు, ఉష్ణోగ్రతను అరుపులతోపాటు నమోదు చేసే వీలు లేకపోవడం. ఈ వయసు పిల్లలు తమ ఒంటి వేడిని సరిగా నిలుపుకోలేవు, చలికి అరుపులు పెరుగుతాయి. పైగా డయాజెపామే శరీర ఉష్ణోగ్రతను తగ్గించగలదు. ఒంటి వేడి ఎంతో తెలియకుండా అరుపుల సంఖ్య ఒక్కటే చూసి మందు ఆందోళనను తగ్గించిందో, పిల్లను మత్తులో ముంచిందో చెప్పలేము.

మైక్రోఫోన్‌ను కొనవచ్చు. సాఫ్ట్‌వేర్ ఇచ్చే సంఖ్యను మాత్రం, ఏ పిల్లకు ఏ మందు ఇచ్చారో తెలియని మనిషి స్పెక్ట్రోగ్రామ్‌తో సరిచూడకుండా పట్టికలోకి ఎక్కించకండి.