షెఫీల్డ్ ఉక్కు కొలుముల యాత్ర: ఏది ముందు చూడాలి, ఎక్కడ దిగాలి

బ్రిటన్ వెళ్ళే మనవాళ్ళు లండన్, ఎడిన్‌బరా, లేక్ డిస్ట్రిక్ట్ చూసుకుని వచ్చేస్తారు. షెఫీల్డ్ పేరు ఎవరి లిస్టులోనూ కనిపించదు. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో, స్టీల్ మెల్టింగ్ షాపులో సర్వీసంతా గడిపిన నాకు మాత్రం బ్రిటన్ అంటే ముందు గుర్తొచ్చేది ఆ ఊరే. మా అమ్మాయి మాంచెస్టర్‌లో ఉంటుంది. అక్కడి నుంచి షెఫీల్డ్‌కి రైల్లో గంట కూడా పట్టదు. పీక్ డిస్ట్రిక్ట్ కొండల మధ్య నుంచి వెళ్ళే ఆ దారి కూడా చాలా బాగుంటుంది. పగటి రైలుకే వెళ్ళండి.

వెళ్ళేముందు ఒక్క సంగతి తెలుసుకుంటే అక్కడ చూసేవన్నీ అర్థమవుతాయి. ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేసులోంచి వచ్చే ఇనుములో నూటికి నాలుగు వంతుల దాకా కార్బన్ ఉంటుంది. పోత పోయడానికి అది బాగానే పనికొస్తుంది గానీ సమ్మెట దెబ్బకు పగిలిపోతుంది. కార్బన్ దాదాపు పూర్తిగా తీసేస్తే చేత ఇనుము అవుతుంది. అది వంగుతుంది, సాగుతుంది, కానీ కత్తికి పదును నిలవదు. ఉక్కు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. కత్తులకూ పనిముట్లకూ వాడే ఉక్కులో కార్బన్ నూటికి సుమారు ఒక వంతు. పోత ఇనుములోని కార్బన్‌ని సరిగ్గా ఆ ఒక్క వంతు దగ్గర ఆపడం చాలాకాలం ఎంతో కష్టంగా ఉండేది. అందుకని ముందు మొత్తం తీసేసి చేత ఇనుము చేసేవాళ్ళు, తర్వాత దానికి మళ్ళీ కార్బన్ ఎక్కించేవాళ్ళు. ఎంత బొగ్గు ఖర్చు, ఎన్ని చేతుల కష్టం!

చాలామంది నేరుగా కెల్హమ్ ఐలాండ్ మ్యూజియానికి వెళ్ళి బెస్సెమర్ కన్వర్టర్ అనే పెద్ద ఉక్కు పాత్ర ముందు ఫోటో దిగి వచ్చేస్తారు. నా మాట వింటే ముందు డాంకాస్టర్ స్ట్రీట్‌కి వెళ్ళండి. స్టేషన్ నుంచి ట్రామ్ ఎక్కి షేల్స్‌మూర్‌లో దిగితే కొంచెం నడక. రోడ్ల మధ్య, కొత్త బిల్డింగుల పక్కన, పైకి పోయేకొద్దీ సన్నబడే ఇటుక గోపురం ఒకటి కనిపిస్తుంది. 1848లో కట్టిన సిమెంటేషన్ ఫర్నేసు అది. ఒకప్పుడు ఈ ఊళ్ళో ఇలాంటివి 250కి పైగా ఉండేవట. చెక్కుచెదరకుండా మిగిలింది ఇదొక్కటే. లోపల రాతితో కట్టిన రెండు పొడవాటి పెట్టెలు ఉంటాయి. వాటిలో స్వీడన్ నుంచి తెప్పించిన చేత ఇనుము కడ్డీలు ఒక వరస, కర్రబొగ్గు పొడి ఒక వరస పేర్చి, గాలి చొరకుండా పైన మెత్తి, కింద వారం పాటు మంట పెట్టేవాళ్ళు. ఇనుము కరగదు. ఎర్రగా కాలుతూ నెమ్మదిగా బొగ్గులోని కార్బన్‌ని పీల్చుకుంటుంది. తర్వాత చల్లారడానికి మళ్ళీ రోజులు పట్టేది. బయటికి తీసిన కడ్డీల మీద బొబ్బలు లేచి ఉండేవి కాబట్టి దాన్ని బ్లిస్టర్ స్టీల్ అన్నారు. ఈ ఫర్నేసుని చివరిసారి వెలిగించింది 1951లో. గోపురం నెత్తిన ఒక మూత కనిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో పైనుంచి వచ్చే విమానాలకు మంట కనబడకుండా పెట్టింది.

ఇక్కడ టికెట్ లేదు, గైడ్ లేడు, బాత్రూమ్ కూడా లేదు. మేము వెళ్ళినప్పుడు గేటు వేసి ఉంది, బయటి నుంచే చూశాం. పావుగంట చాలు. కానీ ఆ పావుగంట వదులుకోకండి. ఒక్క విడత ఉక్కుకి వారాలు పట్టేదన్న సంగతి అక్కడ నిలబడితేనే ఒంటికి పడుతుంది.

రెండోది అబీడేల్ ఇండస్ట్రియల్ హామ్లెట్. ఈ యాత్రలో ఒక్కచోటే చూసే వీలుంటే ఇదే చూడండి. ఊరికి నైరుతిగా షీఫ్ నది ఒడ్డున ఉంది. సిటీ నుంచి బస్సు ఉంది. లేదా లోకల్ రైల్లో డోర్ అండ్ టాట్లీ స్టేషన్‌లో దిగి నడవొచ్చు. ఇది పాతకాలపు కొడవళ్ళ కార్ఖానా. నీటి చక్రాలు, వాటితో నడిచే పెద్ద సమ్మెటలు, సానరాళ్ళు, పనివాళ్ళ ఇళ్ళు, అన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. అసలు విశేషం మాత్రం అక్కడి మూసల కొలిమి.

బ్లిస్టర్ స్టీల్‌లో కార్బన్ పైపొరలో ఎక్కువ, లోపల తక్కువ. గడియారాల స్ప్రింగులకు అలాంటి ఉక్కు పనికిరాదు. డాంకాస్టర్ అనే ఊళ్ళో గడియారాలు చేసే బెంజమిన్ హంట్స్‌మన్ షెఫీల్డ్ పక్కనే ఉన్న హ్యాండ్స్‌వర్త్‌కి మకాం మార్చి, 1740ల్లో ఆ ఉక్కు ముక్కల్ని మట్టి మూసల్లో వేసి పూర్తిగా కరిగించాడు. కరిగితే కార్బన్ అంతటా సమానంగా కలుస్తుంది. చెప్పడానికి తేలికే గానీ, సుమారు 1,600 డిగ్రీల వేడిని తట్టుకునే మూస ఎవరు చేస్తారు? అబీడేల్‌లో ఆ మూసలు చేసే గది చూశాను. మట్టిని గంటల తరబడి ఒట్టికాళ్ళతో తొక్కేవాళ్ళు. చిన్న రాయి గానీ గాలి బుడగ గానీ ఉంటే అరికాలికి తెలిసిపోతుంది. అది మిగిలిపోతే కొలిమిలో మూస పగులుతుంది, లోపలి ఉక్కంతా బూడిదపాలు. మా ఆవిడ ఆ మట్టిని చూసి, "ఏమండీ, ఇంత చేసిన మూస ఎన్నాళ్ళు వస్తుంది?" అంది. మూడు విడతలు వస్తే గొప్పని అక్కడున్న వాలంటీరు చెప్పాడు.

కరిగించే గదిలో కొలిమి గుంటలు నేలమట్టానికే ఉంటాయి. మూతలు తీస్తే కాలి కిందే నిప్పు. మూసని బయటికి లాగే మనిషి ఆ గుంటకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడి, పొడవాటి పట్టుకారుతో పైకి ఎత్తేవాడు. కాళ్ళకి నీళ్ళలో నానబెట్టిన గోనెపట్టాలు చుట్టుకునేవాడు. ఒక్కో మూసలో ఇరవై అయిదు కిలోల దాకా ఉక్కు ఉండేది. దాన్ని అచ్చులో పోసేవాడు ధార అచ్చు గోడలకు తగలకుండా, మధ్యలో తెగకుండా పోయాలి. ఆ గది మెట్లు దిగి కిందికి వెళ్తే గాలి లాగడానికీ బూడిద తీయడానికీ కట్టిన సొరంగంలాంటి గది ఉంది. తల వంచుకుని నడవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పైనే ఆగిపోవడం మంచిది.

అక్కడ నిలబడితే మన కోనసముద్రం గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊళ్ళో హంట్స్‌మన్‌కి ఎంతో ముందే మట్టి మూసల్లో ఉక్కు కరిగించారు. దానికోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవాళ్ళని, సర్వే పనిలో ఆ ప్రాంతం తిరిగిన వోయ్‌సీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త రాశాడు. ఆ వ్యాసం 1832లో అచ్చయింది. మనవాళ్ళు ఉక్కుని మూసలోనే చల్లారనిచ్చి చిన్న ముద్దగా తీసేవాళ్ళు. హంట్స్‌మన్ దాన్ని అచ్చులో పోతపోశాడు. అబీడేల్ బోర్డుల మీద మన దేశం గురించి మరో నాలుగు మాటలు ఉంటే బాగుండేదని నాకనిపించింది. 1820 ప్రాంతంలో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే మన దేశపు మూస ఉక్కుని, అంటే వూట్జ్‌ని, లండన్‌లో పరీక్షించాడు. ఆ ప్రయోగాల్లోంచి పుట్టిన మిశ్రమ ఉక్కుల్ని పెద్ద ఎత్తున కరిగించింది ఈ షెఫీల్డ్‌లోనే.

అబీడేల్‌కి సగం రోజు పెట్టుకోండి. నేలంతా రాళ్ళు పరిచి ఉంటుంది, కాబట్టి షూస్ తప్పనిసరి. తెరిచే రోజులు మారుతుంటాయి. వెబ్‌సైటులో చూసుకునే బయల్దేరండి.

మూడోది కెల్హమ్ ఐలాండ్. బెస్సెమర్ కన్వర్టర్ మ్యూజియం బయటే నిలబెట్టి ఉంది. గుడ్డు ఆకారంలో, మనిషికి ఎన్నో రెట్లు ఎత్తున్న ఉక్కు పాత్ర. హెన్రీ బెస్సెమర్ 1856 ఆగస్టులో చెల్ట్‌నమ్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభలో తన పద్ధతి వివరించాడు. కరిగిన పోత ఇనుము అడుగు నుంచి గాలి ఊదితే చాలు, వేరే బొగ్గు అక్కర్లేదు, లోపలి సిలికాన్, కార్బన్ మండి వాటి వేడికే ఇనుము ఇంకా కాగుతుంది అన్నాడు. వారాల పని ఇరవై నిమిషాలకి దిగింది! ఆ పద్ధతి వాడుకోవడానికి లైసెన్సులు కొన్నవాళ్ళు మాత్రం మొదట్లో దెబ్బతిన్నారు. వాళ్ళ ఇనుములోని ఫాస్ఫరస్ అలాగే ఉండిపోయి ఉక్కు పెళుసుబారింది. గాలి ఎక్కువైతే ఆక్సిజన్ మిగిలిపోయేది. దానికి రాబర్ట్ మషెట్ మాంగనీసు కలిపి దారి చూపాడు. ఫాస్ఫరస్ సంగతి తేల్చడానికి మాత్రం 1870ల చివరిదాకా ఆగాల్సి వచ్చింది. పోలీసు కోర్టులో గుమాస్తాగా పనిచేసే సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్, రసాయన శాస్త్రం చదివిన తన బంధువు పెర్సీ గిల్‌క్రిస్ట్‌తో కలిసి కన్వర్టర్ లోపలి పూతని మార్చి, సున్నం వేసి ఫాస్ఫరస్‌ని తీసేశాడు.

ఆ కన్వర్టర్ ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. మా షాపులో ఎల్‌డీ కన్వర్టర్లు దీని వంశమే. మేం గాలికి బదులు శుద్ధమైన ఆక్సిజన్‌ని పైనుంచి లాన్స్ అనే పొడవాటి గొట్టంతో ఊదుతాం. బ్లో, అంటే ఊదే సమయం, మాత్రం ఇప్పటికీ దాదాపు అంతసేపే. ఆ రోజుల్లో కన్వర్టర్ మూతి దగ్గర మంట రంగు చూసి, కార్బన్ అయిపోయి మంట పడిపోయిన క్షణాన్ని కంటితోనే పట్టుకునేవాళ్ళు. నాలుగు సెకన్లు అటూ ఇటూ అయితే హీట్, అంటే ఆ విడత ఉక్కంతా, పాడవుతుంది. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో కంప్యూటర్లు ఎదురుగా పెట్టుకుని పనిచేసిన మాకే తెలుసు. ఈ కన్వర్టర్ వర్కింగ్‌టన్ అనే ఊరి నుంచి తెచ్చింది. బ్రిటన్‌లో బెస్సెమర్ ఉక్కు ఆఖరిసారి తయారైంది అక్కడే, 1974లో.

లోపల రివర్ డాన్ ఇంజన్ ఉంది. 1905లో చేసిన 12,000 హార్స్ పవర్ ఆవిరి ఇంజను, యుద్ధనౌకల కవచం పలకల్ని రోల్ చేయడానికి వాడారు. దాన్ని ఆవిరి పెట్టి నడిపే రోజుకే వెళ్ళండి. నేల అదురుతుంది. పిల్లలకి కూడా అదే నచ్చుతుంది. మ్యూజియంలో లిఫ్టు, క్యాంటీన్, బాత్రూములు అన్నీ బాగున్నాయి. వాలంటీర్లలో పాత ఉక్కు కార్మికులు ఉంటారు. వాళ్ళని కదిలిస్తే బోర్డుల మీద లేనివి ఎన్నో చెప్తారు.

ఇక బస. మొదట స్టేషన్ దగ్గర ఒక హోటల్లో దిగాం. అన్నిటికీ దగ్గరే, కానీ గది ఇరుకు, రాత్రంతా కింద బార్ గోల, హీటర్ పనిచేయడం లేదని చెప్తే పొద్దున దాకా ఎవరూ రాలేదు. తర్వాత కెల్హమ్ ఐలాండ్ వైపు వంటగది ఉన్న చిన్న అపార్టుమెంటుకి మారాం. పాత కార్ఖానాని ఇళ్ళుగా మార్చారు. కొంచెం ఖరీదెక్కువ, కానీ పొద్దున్నే ఉప్మా చేసుకుని నడుచుకుంటూ మ్యూజియానికి వెళ్ళడంలోని సుఖమే వేరు. వయసు పైబడినవాళ్ళతో వెళ్తే ఇదే మేలు. శాకాహారులకి ఇబ్బంది లేదు. లండన్ రోడ్ వైపు ఇండియన్ హోటళ్ళు చాలా ఉన్నాయి.

కారు ఉంటే ఐరన్‌బ్రిడ్జ్ కలుపుకోవచ్చు. రైలు స్టేషన్ లేదు, టెల్‌ఫర్డ్‌లో దిగి బస్సు పట్టుకోవాలి, బస్సులు తక్కువ. కోల్‌బ్రూక్‌డేల్‌లో 1709లో ఏబ్రహాం డార్బీ కోక్‌తో, అంటే కాల్చి శుద్ధి చేసిన రాతిబొగ్గుతో, ఇనుము తీసిన ఫర్నేసు ఉంది. బ్లిస్ట్స్ హిల్‌లో పడ్లింగ్ ఫర్నేసు ఉంది. పోత ఇనుముని కరిగించి, పొడవాటి కడ్డీతో కలుపుతూ చేత ఇనుము ముద్దలు తీసేది అందులోనే. హెన్రీ కోర్ట్ 1784లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. దాన్ని నడిపి చూపించే రోజులు అరుదు, కాబట్టి దానికోసమే వెళ్ళేవాళ్ళు ముందుగా కనుక్కోండి. ఊరు చాలా అందంగా ఉంటుంది, పిల్లలున్న కుటుంబాలకి షెఫీల్డ్ కన్నా ఇదే సరదా. నాలాంటి ఉక్కు మనిషికి మాత్రం షెఫీల్డే ముందు.

న్యూకాజిల్ వైపు వెళ్ళే పని ఉంటే రోలాండ్స్ గిల్, కాన్‌సెట్ మధ్య రోడ్డు పక్కన డెర్వెంట్‌కోట్ ఫర్నేసు దగ్గర ఒక అరగంట ఆగండి. 1730ల నాటి సిమెంటేషన్ ఫర్నేసు, డాంకాస్టర్ స్ట్రీట్‌లో చూసిన ఫర్నేసు కన్నా ఇది వందేళ్ళు పాతది. డబ్బులు తీసుకోరు. మంచినీళ్ళు, తినేవి మీరే తీసుకెళ్ళాలి.