డెబ్భై దాటాక ప్యాంక్రియాస్ క్యాన్సర్: ఆపరేషనా, పెద్ద కీమోనా, తేలిక కీమోనా, ఏది మేలు?

మా నాన్నకి 74 ఏళ్లప్పుడు ప్యాంక్రియాస్‌లో, అంటే కడుపు వెనకుండే క్లోమ గ్రంథిలో, ఈ క్యాన్సర్ బయటపడింది. నొప్పి లేదు, జ్వరం లేదు, ఒకరోజు పొద్దున్నే కళ్లు పచ్చగా ఉన్నాయేంటి అని అమ్మ అడిగింది, తీరా చూస్తే రెండు వారాల నుంచీ మూత్రం ముదురు రంగులో వస్తోందంట, ఒళ్లంతా దురదంట, మాకెవరికీ చెప్పలేదు. అంతకు ఆర్నెల్ల ముందే కొత్తగా షుగర్ వచ్చింది, బరువు తగ్గుతుంటే షుగర్ వల్లేలే అనుకున్నాం. కొత్తగా షుగర్ వచ్చిన పెద్దవాళ్లలో దాదాపు నూటికి ఒక్కరికే ఇది ఉంటుంది కాబట్టి భయపడిపోవద్దు, కానీ షుగర్ వచ్చీ బరువు కూడా తగ్గిపోతుంటే మాత్రం స్కాన్ సంగతి డాక్టర్ని అడగండి.

జబ్బు పేరు తెలిసిన రోజు నుంచీ ఇంట్లో రెండు గొంతులు. "ఈ వయసులో కోయించడం ఎందుకు" అని కొందరు, "ఎంత గట్టి మందైనా పర్లేదు ఇప్పించేద్దాం" అని కొందరు. ఇద్దరూ నాన్నని చూడలేదు, ఆయన వయసునే చూశారు అని నాకిప్పుడు అనిపిస్తుంది.

ముందు ఆపరేషన్ సంగతి. పూర్తిగా నయమయ్యే అవకాశం ఉన్నది దీంతోనే, అందులో అనుమానం లేదు. కాకపోతే జబ్బు కనుక్కునేసరికి నూటికి 15 నుంచి 20 మందికే అది కుదురుతుంది, మిగతావాళ్లకి అప్పటికే పాకిపోయి ఉంటుంది లేదా పెద్ద రక్తనాళాల చుట్టూ అల్లుకుని ఉంటుంది. గడ్డ ప్యాంక్రియాస్ తల భాగంలో ఉంటే చేసేది విప్పుల్ ఆపరేషన్, ఆ తల భాగంతోపాటు చిన్నపేగు మొదలు, గాల్‌బ్లాడర్, పిత్తనాళంలో కొంత తీసేసి మిగిలినవాటిని మళ్లీ కలిపి కుడతారు. ఇది తరచూ చేసే పెద్ద ఆస్పత్రుల్లో ప్రాణాపాయం నూటికి ఐదు లోపే, అరుదుగా చేసేచోట ఎక్కువ, కాబట్టి "మీ దగ్గర ఏడాదికి ఎన్ని చేస్తారు" అని మొహమాటం లేకుండా అడగాలి. ఇంకోటి, ఆపరేషన్‌తో కథ అయిపోదు, తర్వాత కీమో కూడా కావాలి. పెద్దవాళ్లు చాలామంది కోలుకోడానికే నెలలు పట్టి ఆ కీమో దాకా రాలేకపోతారు. 78 ఏళ్లున్నా గట్టిగా తిరిగే మనిషికి నేను ఆపరేషన్ వైపే మాట్లాడతా, 68కే మంచం దిగడానికి సాయం కావాల్సిన మనిషికి మాట్లాడను.

కోయడం కుదరదన్నాక కీమో, మా ఇంట్లో ఎక్కువ నలిగింది ఇక్కడే. ఫోల్ఫిరినాక్స్ అని ఒకటుంది, నాలుగు మందులు కలిపి రెండు వారాలకోసారి ఇస్తారు, అందులో ఒకటి 46 గంటలు పంపుతో ఎక్కుతూనే ఉంటుంది. 2011లో వచ్చిన ట్రయల్‌లో, పాకిపోయిన జబ్బు ఉన్నవాళ్లలో సగంమంది దీంతో 11.1 నెలలు దాటి బతికితే, జెమ్‌సైటబిన్ అనే ఒక్క కీమో మందుతో 6.8 నెలలు. 2013లో జెమ్‌సైటబిన్‌కి నాబ్-పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు కలిపి చూస్తే 8.5 నెలలు, ఒక్క జెమ్‌సైటబిన్‌కి 6.7. అంకెలు చూసి మా అన్నయ్య మొదటిదే కావాలన్నాడు, నేనూ ఊగాను. కానీ ఆ 2011 ట్రయల్‌లో 75 దాటినవాళ్లని అసలు తీసుకోలేదు, తీసుకున్నవాళ్లు కూడా బాగా తిరగగలిగేవాళ్లే, అలాంటప్పుడు ఆ 11 నెలలు 80 ఏళ్ల మనిషికి ఎలా చెప్తాం? విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం, చల్లటి గ్లాసు పట్టుకుంటే వేళ్లకి కరెంట్ కొట్టినట్టుండటం, ఇవన్నీ దాంతో ఎక్కువ.

బాగా నీరసంగా ఉన్నవాళ్లకి జెమ్‌సైటబిన్ ఒక్కటే చాలు అంటే తక్కువ చేసినట్టు కాదు. 1997లో దాన్ని పాత మందుతో పోల్చినప్పుడు ఆయుష్షు కొంచెమే పెరిగినా, నొప్పి, నీరసం తగ్గినవాళ్లు స్పష్టంగా ఎక్కువమంది ఉన్నారు.

కీమో అసలు వద్దనుకున్నా చేయాల్సింది చాలా ఉంది. పిత్తనాళంలో స్టెంట్, అంటే నాళం మూసుకుపోకుండా పెట్టే చిన్న గొట్టం, వేస్తే కామెర్లు, దురద తగ్గుతాయి, ప్లాస్టిక్‌ది మూణ్నెల్లకి పూడుకుపోవచ్చు, మెటల్‌ది ఎక్కువకాలం నిలుస్తుంది. తిన్నది అరగక జిడ్డు విరేచనాలవుతుంటే భోజనంతోపాటు ఎంజైమ్ క్యాప్సూల్స్. నొప్పికి మందులు చాలకపోతే కడుపు వెనక నరాల దగ్గర ఇంజెక్షన్. ఇవి అన్నీ అయిపోయాక చివర్లో చేసేవి కావు, మొదటిరోజు నుంచే అడగండి, మేం ఎంజైమ్స్ సంగతి ఆలస్యంగా అడిగాం, అది నాకింకా బాధే.

మరి బలం కొలవడం ఎలా? నడక వేగం, జ్ఞాపకశక్తి, వేసుకునే మందుల లిస్టు, ఇంట్లో తోడెవరు, ఇవన్నీ చూసే వృద్ధుల పరీక్ష ఒకటుంది. 70 దాటిన క్యాన్సర్ పేషెంట్ల మీద 2021లో వచ్చిన పెద్ద స్టడీలో, ఈ పరీక్ష ఫలితం ముందే డాక్టర్ల చేతికిస్తే కీమోతో తీవ్రమైన ఇబ్బందులు పడ్డవాళ్లు 71 శాతం నుంచి 51కి తగ్గారు, ఆయుష్షు మాత్రం తగ్గలేదు.

నాన్న గడ్డ రక్తనాళాన్ని చుట్టేసింది, ఆపరేషన్ కుదర్లేదు. మెటల్ స్టెంట్ వేసి, జెమ్‌సైటబిన్, నాబ్-పాక్లిటాక్సెల్ రెండూ కలిపిన కీమో డోసు తగ్గించి మొదలుపెట్టారు. మూడో నెలలో చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాడని అమ్మే గమనించింది, వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. ఆయన చెప్పొద్దన్నాడు, మందు ఆపేస్తారేమోనని భయం. చెప్పాం. డాక్టర్ పాక్లిటాక్సెల్ ఆపి జెమ్‌సైటబిన్ ఒక్కటే ఉంచారు, రెండు నెలలకి పైన రెండు గుండీలు తనే పెట్టుకున్నాడు, మిగతావి అమ్మ పెట్టేది.