జాగ్రత్త! డబ్బులిచ్చే ముందు కేబుల్లో వైర్లు లెక్కపెట్టుకోండి

షాపు పేరు రాయను. కంప్యూటర్ పాడైతే మన కాలనీలో అందరం పరిగెత్తేది అక్కడికే.

హాల్లో రౌటర్, మేడ మీద రెండు గదుల్లో రెండు కంప్యూటర్లు. వాటి మధ్య ఫైల్ షేరింగ్ పెట్టించుకుందామని పిలిచాను. రెండు గదులకీ క్యాట్ 6 కేబుల్ (నెట్‌వర్క్ వైరు) లాగుతాం, గిగాబిట్ స్పీడు, అంటే సెకనుకి 1000 మెగాబిట్లు అన్నారు. బిల్లులో రెండు లైన్లు, 6,800 రూపాయలు. బేరం కూడా ఆడలేదు, మహారాజులా ఇచ్చేశాను.

ఆదివారం మా అమ్మాయి పెళ్లి వీడియోలు, 180 జీబీ, మావాడి కంప్యూటర్లోకి కాపీ పెట్టాను. సెకనుకి 11 ఎంబీ! నాలుగున్నర గంటలు పట్టింది. గిగాబిట్ అయితే అరగంటలో అయిపోవాలి. షాపాయనకి ఫోన్ చేస్తే "మీ సిస్టమ్ పాతది సార్" అన్నాడు. నమ్మి, ఆయన దగ్గరే కొత్త ల్యాన్ కార్డు (కంప్యూటర్లో కేబుల్ గుచ్చే భాగం) కొన్నాను. ఇంకో 900. మళ్లీ అదే 11.

చివరికి కింద అద్దెకుంటున్నవాళ్లబ్బాయి రౌటర్ దగ్గర వంగి చూసి, "అంకుల్, ప్లగ్గులో ఎనిమిది వైర్లుండాలి కదా, నాలుగే ఉన్నాయేంటి?" అన్నాడు. ఒక ప్లగ్గులో నారింజ, ఆకుపచ్చ జతలు. రెండో దాంట్లో నీలం, గోధుమ. గోడలో డబ్బా విప్పితే లోపల ఉన్నది ఒకే ఒక్క కేబుల్! దాన్నే చీల్చి రెండు గదులకీ పంచాడు మహానుభావుడు. నాలుగు వైర్లతో 100 ఎంబీపీఎస్ (సెకనుకి 100 మెగాబిట్లు) దాటదు, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఫైల్ కాపీలో అది సెకనుకి ఆ 11 ఎంబీయే. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి.

ప్లగ్గు కోసి పట్టుకెళ్లి కౌంటర్ మీద పెట్టాను. ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. "నెట్ వస్తోంది కదా సార్. ఇంట్లో వాడుకునేదానికి అంత స్పీడెందుకు?" షాపులో నలుగురున్నారు, ఒకాయన నవ్వాడు కూడా. నేను అడిగింది స్పీడు గురించి కాదయ్యా, రెండో కేబుల్ ఏదీ అని! దానికి జవాబు లేదు. ముప్పై ఏళ్లు ఆఫీసులో బిల్లులు చెక్ చేసినవాణ్ణి, నా ఇంటి బిల్లు దగ్గర కళ్లు మూసుకున్నాను.

ప్లగ్గు పారదర్శకంగానే ఉంటుంది, లెక్కపెట్టుకోండి. విండోస్ ఈథర్‌నెట్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 1000/1000 ఉండాలి. 100/100 కనిపిస్తే పనివాడు గేటు దాటకముందే పట్టుకోండి.

అన్నట్టు, షేరింగ్‌కి పాస్‌వర్డ్ కూడా తీసేసి వెళ్లాడు. ఎవరైనా తెరవొచ్చు, డిలీట్ కూడా చేయొచ్చు. మా వైఫై వాడుకునే ఆ అబ్బాయే చెప్పాడు, పెళ్లి వీడియోలన్నీ తన ఫోన్లో కనిపిస్తున్నాయట.