హైవే పక్కన షాపు నడుపుతూ ఏళ్లుగా 108 వాడుతున్నాను, నా రివ్యూ

ఒంగోలు, సింగరాయకొండ మధ్య హైవేని ఆనుకునే మా పంక్చర్ షాపు. ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దిన కార్లు, నిద్రమత్తులో డివైడర్ ఎక్కిన బైకులు, రోహిణి కార్తె ఎండకి రోడ్డు మీదే కూలబడిపోయిన ముసలాళ్లు, ఇవన్నీ మా కళ్ల ముందే జరుగుతుంటాయి కాబట్టి 108కి ఫోన్ చేయడం మాకు అలవాటైపోయింది. సర్వీసు బాగుందా అంటే బాగుంది. కానీ బండి రావడం సగం పనే, అది పేషెంటుని ఎక్కడికి చేర్చిందన్నది మిగతా సగం.

ముందు ఫోన్ సంగతి. బ్యాలెన్స్ లేకపోయినా కలుస్తుంది. ఎత్తగానే జిల్లా, మండలం, ఊరు, దగ్గర్లో గుర్తేంటి, ఎంతమందికి దెబ్బలు, స్పృహలో ఉన్నారా అని వరసగా అడుగుతారు. మనోళ్లకి ఇక్కడే ఒళ్లు మండుతుంది, 'అవతల మనిషి పోతుంటే ఈ ప్రశ్నలేంటమ్మా' అని అరిచి పెట్టేస్తారు. అలా పెట్టేస్తే బండి ఎక్కడికి రావాలి? హైవే మీదైతే ఊరి పేరు ఒక్కటే చాలదు, ఒంగోలు వెళ్లే వైపా, నెల్లూరు వెళ్లే వైపా అన్నది కచ్చితంగా చెప్పాలి. తప్పు చెబితే బండి మన కళ్లెదుటే డివైడర్ అవతల నుంచి వెళ్లిపోయి, ఎక్కడో యూటర్న్ తీసుకుని వెనక్కి రావాలి. కిలోమీటరు రాయి కనపడితే ఆ నంబరు చదవండి. తర్వాత ఫోన్ ఖాళీగా ఉంచండి, ఎందుకంటే బండిలోవాళ్లు అదే నంబరుకి చేస్తారు. మనమేమో వెంటనే బావకీ మావయ్యకీ చేసి ఏడుస్తూ కూర్చుంటాం.

ఈ సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. 2020 జులై 1న విజయవాడలో 108, 104 కలిపి 1,088 బండ్లు ఒకేసారి రోడ్డెక్కించినప్పుడు పట్టణాల్లో 15 నిమిషాలు, పల్లెల్లో 20, ఏజెన్సీలో 30 అని లెక్క చెప్పారు. మా దగ్గర బండి ఖాళీగా ఉంటే ఆ లెక్కకి అటూఇటూగానే వస్తుంది. అది అప్పటికే ఇంకో కేసులో ఉంటే మాత్రం పక్క మండలం బండి రావాలి, అప్పుడు పడే టెన్షన్ వేరు. హైవే వాళ్ల నంబరు 1033 కూడా ఫోన్‌లో పెట్టుకోండి, వాళ్లకీ అంబులెన్స్ ఉంటుంది.

బండిలో ఇద్దరుంటారు, నడిపేవాళ్లని పైలట్ అంటారు, వైద్యం చూసేది ఈఎంటీ. ఒకసారి మా షాపు ముందే ఒక కుర్రాడు బైకు మీద నుంచి పడితే చుట్టూ జనం, ఒకరు నోట్లో నీళ్లు పోయబోతున్నారు, ఇంకొకరు రెక్క పట్టి లేపుతున్నారు. ఈఎంటీ అమ్మాయి దిగుతూనే 'అన్నా, ఎవరూ ముట్టుకోవద్దు' అని గట్టిగా అంది. మెడకి కాలర్ వేసి, కత్తెరతో ప్యాంటు చీల్చి, విరిగిన కాలికి బద్దలు కట్టి, ఆ తర్వాతే స్ట్రెచర్ ఎక్కించింది. మేం ఆటోలో కుక్కి తీసుకెళ్లి ఉంటే ఆ కాలు ఏమయ్యేదో.

మా పెద్దమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు ఈఎంటీ అడిగిన మొదటి ప్రశ్న, 'ఆఖరిసారి ఆవిడ బాగా ఉండగా ఎవరు చూశారు, ఎన్నింటికి?' మెదడులో రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ తీశాకే. ఇంట్లోవాళ్లు దగ్గర్లో నర్సింగ్ హోం చాలన్నారు. ఈఎంటీ ఫోన్‌లో వాళ్ల డాక్టరుతో మాట్లాడి ఒంగోలే వెళ్లాలని పట్టుబట్టాడు, అదే మంచిదైంది. దీనికి పూర్తిగా తిరగబడ్డ కేసు కూడా చూశాను. పక్క వీధి ఆయన కొడుకు పట్టుబట్టి ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాడు, అక్కడ ముందు డబ్బు కట్టమని గుమ్మంలోనే ఆపేశారు, మళ్లీ అక్కడి నుంచి పెద్దాసుపత్రికి. ఆ తిరుగుడులో పోయిన టైము ఎవరిస్తారు?

పోలీసు కేసు భయంతో ఫోన్ చేయనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చారు, సాయం చేసినవాళ్లు పేరు చెప్పాల్సిన పని కూడా లేదు. నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ స్టేషన్ మెట్లెక్కలేదు.

బండికీ అందులోవాళ్లకీ ఐదుకి ఐదు. ఆసుపత్రి గేటు దాటాక మాత్రం అంత నమ్మకం లేదు, అర్ధరాత్రి సీటీ తీసేవాళ్లు, ఎముకల డాక్టరు ఎక్కడున్నారో బండి కదిలే ముందే ఇంట్లోవాళ్లకి కూడా తెలిసే ఏర్పాటు ఉండాలి. అందుకే మొత్తానికి మూడున్నర. డెలివరీ అయ్యాక ఇంటికి దింపుతారా అని షాపులో చాలామంది అడుగుతుంటారు, అది 108 పని కాదు, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వేరే ఉంది, నంబరు 102.