లేహ్ హిల్ కౌన్సిల్ పర్మిట్: ఏజెంటు అక్కర్లేదు, మీరే తీసుకోండి

లడఖ్‌లో లేహ్ నుంచి నుబ్రా, పాంగాంగ్, త్సో మోరిరి, హాన్లే వైపు వెళ్ళాలంటే ముందుగా లేహ్ హిల్ కౌన్సిల్ (ఆ జిల్లా ప్రజలు ఎన్నుకునే మండలి) పర్మిట్ వెబ్‌సైట్లో పర్యావరణ రుసుం కట్టి ఆ కాగితం దగ్గర పెట్టుకోవాలి. చాలామంది ఈ పనిని హోటల్‌వాళ్ళకో ఏజెంటుకో అప్పగించేస్తారు. మమ్మల్నీ ఒక ఏజెంటు మనిషికి వెయ్యి అడిగాడు. అందులో అసలు రుసుం ఎంత అంటే "అన్నీ కలిపే మేడమ్" అన్నాడు తప్ప లెక్క చెప్పలేదు. మా ఆయన పోనీ ఇచ్చేద్దాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. పిల్లలకు సాంఘికం చెప్పేదాన్ని, ప్రభుత్వానికి వెళ్ళే ప్రతి రూపాయికీ లెక్క ఉండాలని తరగతిలో చెప్పి బయట మరోలా ఎలా ఉంటాను?

మేం వెళ్ళినప్పుడు పర్యావరణ రుసుం మనిషికి 400 రూపాయలు. దానికి తోడు వన్యప్రాణి సంరక్షణ కింద రోజుకు 20, రెడ్‌క్రాస్‌కు కొంత. పేర్లు, ఆధార్, వెళ్ళే చోట్లు, తేదీలు నింపి డబ్బు కట్టగానే ఫారం వచ్చేసింది. టీ చల్లారేలోపు అయిపోయే పని. వెళ్తామో లేదో తేలని ఊళ్ళు కూడా అప్పుడే టిక్ పెట్టేయండి. దారిలో మనసు మారి నుబ్రా అవతలి తుర్తుక్ ఊరి దాకా వెళ్దామనిపిస్తే మళ్ళీ మొదటికి రానక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లడఖ్‌లో పనిచేయవు. డబ్బు కట్టేటప్పుడు బ్యాంకు ఓటీపీ రావాలి కదా, పోస్ట్‌పెయిడ్ నంబరు లేకపోతే అక్కడే ఆగిపోతారు. మా వదినది ప్రీపెయిడ్, విమానం దిగిన దగ్గర్నుంచి ఆ ఫోను కెమెరాకే పనికొచ్చింది. కాబట్టి ఈ పని ఇంటి దగ్గరే ముగించుకుని, ప్రింట్లు కూడా తీసుకుని బయల్దేరండి. అమెరికా పాస్‌పోర్టున్న పిల్లల్ని తీసుకెళ్తుంటే వాళ్ళ దారి వేరు. విదేశీయుల పర్మిట్ రిజిస్టరైన ట్రావెల్ ఏజెన్సీ ద్వారానే వస్తుంది. అక్కడ మాత్రం ఏజెంటు తప్పదు, ముందుగానే మాట్లాడుకోవాలి.

ప్రింట్లు ఎందుకంటే, నుబ్రా దారిలో ఖార్దుంగ్ లా కనుమ ఎక్కేముందు సౌత్ పుల్లూ దగ్గర చెక్‌పోస్టు ఉంది. అక్కడి పోలీసాయన బల్ల మీద కాగితాల కట్ట, అది గాలికి ఎగరకుండా పైన రాయి. మా ఫారంలో పేర్లు ఒక్కొక్కటే వేలితో చూసుకుంటూ వచ్చి, మా వదిన ఇంటిపేరు దగ్గర రెండుసార్లు కూడబలుక్కుని, బండి నంబరు రిజిస్టర్లో రాసుకుని, ఒక కాపీ ఉంచుకుని పంపించాడు. విసుగు లేదు, చేతులు తడపమనడం లేదు. మా డ్రైవరు దగ్గర కాపీలు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది. పక్క బండివాళ్ళు ఒకే కాగితంతో వచ్చి, ఆ చలిలో ఏం చేయాలో తెలీక నిలబడ్డారు. నాలుగైదు కాపీలైనా ఉండాలి.

ఇక ఆ రుసుం వసూలు చేసే కౌన్సిల్ గురించి. లడఖ్ వెళ్ళొచ్చినవాళ్ళెవరూ దీని గురించి మాట్లాడరు, నాకైతే కొండలంత ఆసక్తిగా అనిపించింది. 1995లో ఏర్పడింది, కార్గిల్‌కు వేరే కౌన్సిల్ 2003లో వచ్చింది. లేహ్ కౌన్సిల్లో 30 మంది, వాళ్ళలో 26 మంది ఎన్నికైనవాళ్ళు, నలుగురు నామినేట్ అయినవాళ్ళు. దాని అధిపతిని చీఫ్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిలర్ అంటారు, క్యాబినెట్ మంత్రి హోదా. మన కలెక్టర్ లాంటి డిప్యూటీ కమిషనరే కౌన్సిల్‌కు ముఖ్య కార్యనిర్వహణాధికారి. 2011 నాటికి లేహ్ జిల్లా విస్తీర్ణం దాదాపు 45,000 చదరపు కిలోమీటర్లు, కేరళ కంటే ఎక్కువ. ఆ ఏటి లెక్కల్లో జనాభా మాత్రం 1,33,487. అంత నేలలో అంత కొద్దిమంది అవసరాలు ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్ళకు ఎలా తెలుస్తాయి? మా డ్రైవరుది నుబ్రాలోని చిన్న పల్లె. వాళ్ళ ఊరి కాలవ తెగితే ముందు వెళ్ళేది కౌన్సిలర్ ఇంటికేనట. "ఆయన పొలానికీ ఆ నీళ్ళే రావాలి కదా" అన్నాడు.

అయితే ఈ కౌన్సిల్‌కు చట్టాలు చేసే అధికారం లేదు. అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరంలలో రాజ్యాంగం ఆరో షెడ్యూలు కింద ఉన్న స్వయంప్రతిపత్తి మండళ్ళకు భూమి, అడవి, ఆచారాల వంటి వాటి మీద గవర్నరు ఆమోదంతో చట్టాలు చేసుకునే వీలుంది. 2019లో లడఖ్ కేంద్రపాలిత ప్రాంతమయ్యాక శాసనసభ కూడా లేదు. అక్కడివాళ్ళు ఆరో షెడ్యూలు అడగడంలో న్యాయం ఉందని అక్కడికెళ్ళాకే నాకు మనసుకు పట్టింది. లేహ్‌లో వాన చాలా తక్కువ, బతుకంతా మంచు కరిగిన నీటి మీదే. 2022లో లడఖ్‌కు వచ్చిన పర్యాటకులు 5 లక్షలు దాటారు, అంటే ఊళ్ళోవాళ్ళకంటే చాలా ఎక్కువ మందిమి వెళ్ళి ఆ నీళ్ళే వాడుకుని వస్తున్నాం. ఎన్ని హోటళ్ళు కట్టనివ్వాలి, ఎక్కడ బోరు వేయనివ్వాలి అన్నది అక్కడివాళ్ళు తేల్చుకోవాల్సిన విషయం. 1998లోనే లేహ్‌లో ఆడవాళ్ళు పూనుకుని పాలిథిన్ సంచులు నిషేధించేలా చేశారు. 2025లో కౌన్సిల్ సీట్లలో మూడో వంతు మహిళలకు కేటాయించే నిబంధన వచ్చింది. అలాంటి ఆడవాళ్ళు ఆ కుర్చీల్లో కూర్చోవాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

అందుకే 400 ఎక్కువ అనేవాళ్ళతో నేను ఏకీభవించను. పాంగాంగ్ ఒడ్డున ఒక ప్లేటు మ్యాగీకి, రెండు టీలకు పెట్టే డబ్బుకు కాస్త పైన. ఇంకో వంద పెంచినా సంతోషంగా కడతాను. నా సూచన ఒక్కటే, ఆ ఫారం కింది భాగంలో మనం టిక్ పెట్టిన ఊళ్ళలో నిరుడు ఈ డబ్బుతో ఏం చేశారో రెండు వరుసలు అచ్చువేస్తే బాగుంటుంది. తుర్తుక్ వెళ్ళేవాడికి తుర్తుక్‌లో చెత్త ఎత్తే బండి ఎన్నిసార్లు తిరిగిందో, హాన్లే వెళ్ళేవాడికి అక్కడ ఎన్ని మరుగుదొడ్లు కట్టారో కనిపించాలి.