పల్లెలో ఫొటోగ్రఫీ: స్టూడియో పెట్టాలా, కెమెరా సంచితో తిరగాలా?

పల్లెలో ఫొటోగ్రాఫర్‌గా మొదలుపెట్టేవాళ్లకు మొదటి టెన్షన్ ఇదే. స్టూడియో ఉంటే వెలుతురు మన చేతిలో ఉంటుంది. పాస్‌పోర్ట్ ఫొటోలకు, ప్రింట్లకు జనమే వెతుక్కుంటూ వస్తారు. కానీ గిరాకీ లేని నెలలోనూ అద్దె, కరెంటు బిల్లు ఆగవు.

సంచి వేసుకుని ఇంటింటికీ వెళ్లడానికి పెట్టుబడి తక్కువ. రెండు బ్యాటరీలు, రెండు మెమరీ కార్డులు, కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్స్‌కు తోడు ఒక 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ చాలు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది. మామూలు 18-55 ఎంఎం కిట్ లెన్స్‌ను 55కు జూమ్ చేస్తే ఎఫ్/5.6 దగ్గరే ఆగిపోతుంది, అంతకంటే తెరుచుకోదు. ఎఫ్/1.8 దగ్గర దాదాపు 10 రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. ఒక అవ్వను గుమ్మం లోపల, నీడలో, ముఖం బయటికి ఉండేలా కూర్చోబెట్టి చూడండి. కళ్లలో ఆకాశం చిన్న మెరుపులా కనిపిస్తుంది, ముడతల మీద నీడలు మెత్తగా పడతాయి. స్టూడియో లైట్లతో ఇది తేవాలంటే చాలా సాధన కావాలి. ఇరుకు గదిలో గ్రూప్ ఫొటోకు మాత్రం 18 దగ్గర వెడల్పుగా పట్టే కిట్ లెన్సే దిక్కు.

నన్నడిగితే, మొదటి ఏడాది సంచే నయం. తిరిగితేనే ఎవరికి ఏ ఫొటో కావాలో తెలుస్తుంది. ప్రింట్ల కోసం జనం మన ఇంటికే రావడం మొదలయ్యాక గది అద్దెకు తీసుకోవచ్చు.